412వ లాటు

ఉదయం తొమ్మిదీ నలభైకి నల్లపాడు రోడ్డులోని కోల్డ్ స్టోరేజి దగ్గర నేను ఆటో దిగేసరికే అశోక్ కారు గేటు లోపల ఉంది. నాకంటే ముందొచ్చాడంటే నాకు తెలియకుండా ఏదో వంట మొదలుపెట్టాడన్నమాట. అశోక్ నీలాంబర ఎయిర్‌లైన్స్‌లో విజిలెన్స్ అధికారి. నేను ఆ కంపెనీ విమానాలకు బీమా ఇచ్చిన సంస్థ పంపగా వచ్చినదాన్ని. పేరు కోటేశ్వరి, ఊరు చీరాల. ఇద్దరం వెతుకుతున్నది ఒకే దొంగని. అయినా రెండు వారాలుగా ఉప్పూ నిప్పూలా ఉన్నాం.

కారు వెనకసీట్లో తేజశ్రీ తల వంచుకుని కూర్చుని ఉంది. నీలాంబరలో విమానాల రికార్డులు చూసే ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళు. ఈ దొంగతనాన్ని బయటపెట్టింది ఆ పిల్లే. ఇప్పుడు దొంగ అనిపించుకుంటున్నదీ ఆ పిల్లే.

“ఆ అమ్మాయిని ఇక్కడికెందుకు తెచ్చారు?” అన్నాను.

“వాళ్ళ నాన్న కళ్ళెదుట ఉంటే నిజం త్వరగా బయటికొస్తుంది మేడం. పన్నెండింటికి పోలీసులొస్తున్నారు. కంప్లయింట్ రెడీ. మీరూ సంతకం పెట్టేస్తే మధ్యాహ్నం భోజనానికి చీరాల వెళ్ళిపోవచ్చు.”

“నా సంతకం అంత చవగ్గా రాదు బాబూ.”

“తండ్రి ఇక్కడ హమాలీల ముఠా మేస్త్రి. దొంగ పెట్టెల్లో మిరపకారం. ఇంకేం కావాలండీ మీకు?”

చాలా కావాలి. ఒక ఆడపిల్లని జైలుకు పంపడానికి కారం ఒక్కటే చాలదు.

అసలు సంగతి ఇది. నీలాంబర దగ్గర పెద్ద విమానాలు, అంటే లోపల రెండు నడవలుండేవి, ఆరున్నాయి. రిజిస్ట్రేషన్‌లోని చివరి అక్షరంతో వాటిని ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్ అని పిలుస్తారు. ఒక్కోదానికి అడుగున చక్రాలుండే రెండు పెద్ద కాళ్ళు. ఒక్కో కాలికీ చక్రాల దూలాన్ని పట్టి ఉంచే ఉక్కు పిన్ను ఒకటి ఉంటుంది. ఎడ్లబండికి కడసీల ఎలాగో విమానానికి ఇది అలాగ. ఇన్నివేలసార్లు నేల మీద దిగాక దాన్ని తీసి, కోసి, తుక్కులో పడెయ్యాలని రూలు. పైకి తళతళలాడుతున్నా లోపల ఉక్కు అలిసిపోయి ఉంటుంది. మూడేళ్ళ కిందట నీలాంబర మూడు పాత విమానాలను తుక్కుకు వేసింది. వాటి ఆరు పిన్నులనూ కోసేసినట్టు సర్టిఫికెట్లున్నాయి.

మూడు వారాల కిందట హైదరాబాదులో విమానాలు బాగుచేసే హాంగర్లో సాదిక్ అనే మెకానిక్ ఒక ఖాళీ చెక్కపెట్టెలో తన పనిముట్లు సర్దుకోబోయి, కళ్ళు మండి, గంటసేపు కుళాయి కింద తల పెట్టుకుని కూర్చున్నాడు. విదేశం నుంచి కొత్త పిన్ను వచ్చిన పెట్టె అని కాగితాల్లో ఉంది. దాని మూలల్లో మిరపకారం ఎందుకుంటుంది? తేజశ్రీకి అనుమానమొచ్చి, ఆ ఏడాది పిన్నులు మార్చిన విమానాల్లో ముందు ఏ, సిల కిందికి దూరి, గీకేసిన పాత నంబర్లను భూతద్దంతో చదివింది. నాలుగు పిన్నులూ తుక్కుకు పోయినవే. రెండు విమానాలనూ ఆపేశారు. వారం తిరక్కుండా, ఆమె తండ్రి గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజిలో పనిచేస్తాడని అశోక్ కనిపెట్టి, ఆమెనే సస్పెండ్ చేయించాడు. పిల్లి మెడలో గంట కట్టిన ఎలుకనే బోనులో పెట్టారు మరి.

తొమ్మిదీ నలభై అయిదుకి నా ఫోన్ మోగింది. శ్రీమన్నారాయణ గారు. నీలాంబరలో ఏ విమానం ఎప్పుడు ఎగరాలో, ఎప్పుడు హాంగర్లోకి రావాలో నిర్ణయించే ఫ్లీట్ ప్లానింగ్ అధిపతి. పాతికేళ్ళ కిందట నేను విమాన విడిభాగాల స్టోరులో గుమాస్తాగా చేరినప్పుడు చెయ్యి పట్టుకుని పని నేర్పింది ఆయనే.

“ఏమ్మా కోటేశ్వరీ, చేరావా?”

“చేరాను సార్. మీ దగ్గర ఎలా ఉంది?”

“ఏం చెప్పను. మా నాన్న బాపయ్య గారికి ఆరు జతల ఎడ్లుండేవి. అయిదు జతలే కట్టేవాడు. ఒక జత ఎప్పుడూ కొట్టంలో మేస్తూ ఉండాల్సిందే. ఇరవై ఏళ్ళుగా నేను విమానాలూ అట్లాగే నడిపా. ఇప్పుడు చూడు, రెండు ఆగిపోయినయ్. ఒకదాన్ని మీ అశోక్ తనిఖీ అని పట్టుకుని కూర్చున్నాడు. మిగిలినవి మూడు. పదకొండూ అయిదుకి లండన్ సర్వీసు పోవాలి. ఒక్క ట్రిప్పు ఆపినా పైవాళ్ళు ప్రాణం తీస్తారు. అక్కడేమన్నా దొరికితే ముందు నాకే చెప్పమ్మా. విమానాలు అటూ ఇటూ మార్చాల్సింది నేనే కదా.”

ఆయన గొంతు నలిగిపోయి ఉంది. నాకు జాలేసింది. అలాగేనన్నాను.

“పదిన్నర దాకా మీకే టైమిస్తున్నా మేడం,” అన్నాడు అశోక్ వాచీ చూసుకుంటూ. “నేనడిగితే ముసలాయన గోడకేసి తిరిగి కూర్చుంటున్నాడు.”

రెండో చాంబరు తలుపు తీయగానే చలీ ఘాటూ కలిసి ముఖాన కొట్టాయి. కప్పు దాకా నాలుగంతస్తుల చెక్క అరలు, వాటి నిండా మిరపకాయల టిక్కీలు, అంటే గోనెబస్తాలు. తేజశ్రీ తండ్రి యలమంద భుజాల మీద గోనెపట్టా కప్పుకుని ఒక టిక్కీ మీద కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, ఇంకా మెడ నరాలు తాళ్ళలా ఉన్నాయి.

“పెట్టెల సంగతి నాకేం తెలవదండీ,” అన్నాడు నేను నోరు విప్పకముందే. “మా దగ్గరుండేయి టిక్కీలు. పెట్టెలెందుకుంటయ్?”

“పెట్టెల గురించి నేనడగలేదే!” అన్నాను. అని ఒక దగ్గు దగ్గి, రెండోది ఆపుకోలేక, ఆయన పక్కనే కూలబడ్డాను. ఆయన లేచి మూల నుంచి మంచినీళ్ళ సీసా తెచ్చిచ్చాడు. పెంచిన చెయ్యి మంచిదైతే పిల్ల దొంగ కాదని చెప్పలేం గానీ, నాకు మాత్రం ఆ నీళ్ళు తాగాక ధైర్యం వచ్చింది.

“ఇన్ని వేల టిక్కీలు. ఎవరిదేదో ఎట్లా తెలుస్తుంది పెద్దాయనా? సింగరాయకొండ రైతుది తీసి దర్శి రైతుకిస్తే?”

ఆయన నా వంక జాలిగా చూశాడు. “ఎట్టా ఇస్తాం? రాత ఉంటది గదండీ. ఇటు చూడండి.” దగ్గర్లోని టిక్కీని తన వైపుకి తిప్పాడు. గోనె మీద ఎర్రరంగుతో 388 అని రాసి, కింద గీత కొట్టి, గీత కింద 140 అని ఉంది. “పైది లాటు నంబరు. గీత కింద, ఆ లాటులో మొత్తం ఎన్నున్నాయో అది. ప్రతి టిక్కీ మీదా ఇదే రాత. ఎన్నొచ్చినయ్యో అన్నీ పోవాలి. ఒక్కటి తగ్గితే రైతు మా గొంతు మీద కూర్చుంటాడు.”

“ఎవరు రాస్తారు?”

“నేనే. ముప్ఫై ఒక్క సంవత్సరాల నుంచి. నా చేతి రాత పడందే ఈ గుమ్మం దాటి పూచికపుల్ల కూడా లోపలికి రాదు. ఒకసారి ఓనరుగారు కొత్త టీవీ రెండ్రోజులు ఇక్కడ పెడితే దానిక్కూడా రాశా. ఆయన ఇల్లాలు తిట్టిందనుకోండి.” ఆయన ముఖంలో మొదటిసారి వెలుగొచ్చింది. “పక్కన ఒకటి, అడుగున ఒకటి. పక్కది చెరిగినా అడుగుది ఉంటది.”

నేను ఫోన్ తీసి ఒక ఫోటో ఆయన కళ్ళ ముందు పెట్టాను. సాదిక్ కళ్ళు మండించిన పెట్టె అడుగు భాగం. పక్క చెక్కని ఎవరో గరుకు కాగితంతో నున్నగా రుద్దేశారు. అడుగు చూడాలని తోచలేదు. అక్కడ ఎర్రరంగుతో 412, కింద గీత, గీత కింద 6.

“ఇదెవరి చేతి రాత యలమంద గారూ?”

ఆయన ఫోటో వంక చూసి, తన వేళ్ళ వంక చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో అదే రంగు.

“నాతో అబద్ధమాడించొద్దమ్మా,” అన్నాడు చివరికి. “పెట్టెలొచ్చినయ్యని ఒప్పుకుంటే మా తేజని తీసుకుపోతారంట. ఆ సారే చెప్పాడు.”

“మీరు ఒప్పుకోకపోతేనే తీసుకుపోతారు. తెచ్చిందెవరో మీరొక్కరే చెప్పగలరు. ఆ పిల్ల తెచ్చిందా?”

“దానికసలు తెలవనే తెలవదు!” గోనెపట్టా జారిపోయింది. “పెద్దలండీ. మా పిల్లకి ఆ ఉద్యోగం వేయించిన మనిషి. ఆఫీసు సామాను, కొన్నాళ్ళు చల్లగా ఉండాలన్నాడు. పేరెక్కడా రాయొద్దన్నాడు. సరేనని ఆయన పేరు రాయలా.”

“మరేం రాశారు?”

ఆయన అరల మధ్యకి నడిచాడు. చివరి స్తంభం దగ్గర, ఇప్పుడు ఖాళీగా ఉన్న కింది అరకి ఒక అట్టముక్క తాడుతో కట్టి ఉంది. లాటు మొత్తం ఖాళీ అయినా ఆ చీటీని సీజను చివర చాంబరు కడిగేదాకా తీయరట. ఆఫీసు రిజిస్టర్లన్నీ తిరగేసిన అశోక్ మనుషులు ఈ చలిలోకి రావడానికి బద్ధకించారు. చీటీ మీద అదే ఎర్రరంగు. 412. పెట్టెలు 6. దాని కింద బయటికిచ్చిన తేదీలు: ఫిబ్రవరి 7న రెండు, ఏప్రిల్ 11న రెండు, జులై 2న రెండు. అన్నిటికీ పైన, రైతు పేరు రాసేచోట, ‘బాపయ్య, దర్శి’.

“ఏ బాపయ్య?” అన్నాను. అన్నానే గానీ నాకు తెలిసిపోయింది. ఉదయమే ఫోన్లో విన్న పేరు.

“ఆయన పోయి పదేళ్ళయింది. అయినా వాళ్ళ సరుకు ఇప్పటికీ ఆ పేరు మీదే వస్తది. ఒకసారి ఒక పేరు పడ్డాక తండ్రి పోయినా మేం మార్చం. చేతికి అలవాటైపోయింది. తెచ్చింది ఆయన కొడుకు, మన్నారాయణ బాబు.”

పాతికేళ్ళ కిందట నాకు విడిభాగాల స్టోరులో మొదటి పాఠం చెప్పిన మనిషి. ‘కాగితం నమ్మకు కోటేశ్వరీ, చేత్తో పట్టుకుని చూడు’ అన్న మనిషి. ఏడుపొచ్చింది. చాంబరు ఘాటు కాబట్టి యలమంద దాన్ని కారం ఖాతాలో వేసుకుని ఉంటాడు.

పదీ ముప్ఫై ఎనిమిదికి అశోక్ కర్చీఫ్ ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికొచ్చాడు. “ఏమన్నాడు? నాలుగు పెట్టెలూ ఒప్పుకున్నాడా?”

“నాలుగు కాదు, ఆరు.”

“నాలుగే మేడం. నాలుగూ దొరికాయి. ఏ, సి విమానాల్లో. మిగతా రెండు పిన్నులూ నిజంగానే కోసేశారు, సర్టిఫికెట్ ఉంది.”

“ఈ నాలుగింటికీ లేవా సర్టిఫికెట్లు?”

నేను చీటీ చూపించాను. “మీ రిపోర్టులో పెట్టె అడుగునున్న ఈ అంకెని రవాణా గుర్తు అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. మూడో జత జులై రెండున బయటికెళ్ళింది. అప్పుడు హాంగర్లోకొచ్చిన విమానమేది?”

అతను ఫోన్లో జాబితా తీశాడు. “జులై నాలుగు. బి విమానం. అందుకే కదా దాన్ని నాలుగురోజుల నుంచి జాకీల మీద ఎక్కించి చూస్తున్నాం. ఈ పొద్దున్నే తేలింది, దాని పిన్నులు బంగారంలా ఉన్నాయి. అంటే మీ ఆరు లెక్క తప్పు.”

“ఆ జాబితా మీకెవరిచ్చారు?”

“ప్లానింగ్ వాళ్ళు. శ్రీమన్నారాయణ గారే స్వయంగా పంపారు.”

నేను బయటికి నడిచాను. కారు తలుపు తీసి తేజశ్రీ పక్కన కూర్చున్నాను. వెనకే అశోక్, అతని వెనక యలమంద. “అమ్మాయీ, జులై నాలుగున హాంగర్లోకి వచ్చిందేది?”

“డి విమానం మేడం,” అంది తడుముకోకుండా. “ప్లాన్లో బి అనే ఉంటుంది. కానీ ఆ రోజు బికి ముందు అద్దం పగిలి దుబాయ్‌లో ఆగిపోయింది. శ్రీమన్నారాయణ సార్ దాని బదులు డిని పంపారు. రెండు పెద్ద కాళ్ళకీ పిన్నులు మార్చారు. కాగితాలు నేనే ఫైల్ చేశాను. అప్పటికి నాకు అనుమానం లేదు.”

“ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?” అని అరిచాడు అశోక్.

“నన్నెవరు అడిగారు సార్? రిపోర్టు ఇచ్చిన నాలుగో రోజునే నా పాస్‌వర్డ్ తీసేశారు. ఏ, సి చూశాను, తర్వాత డి చూద్దామనుకునేలోపే.” కళ్ళు తుడుచుకుంది. “మీరడిగిందల్లా మా నాన్న ఏం పని చేస్తాడని.”

టైము పదీ నలభై ఏడు. “అశోక్, బి జాకీల మీద ఉంది. ఏ, సి ఆగిపోయాయి. ఇప్పుడు లండన్ వెళ్తున్నదేది?”

“తెలీదు.”

“ఫోన్ చెయ్యండి. డి అయితే ఆపించండి.”

“మేడం, ఒక ముఠా మేస్త్రి అట్టముక్క మీద రాసింది చూసి లండన్ సర్వీసు ఆపమంటారా? తప్పని తేలితే నా ఉద్యోగం ఊడుతుంది. ముందు జులై రికార్డు తెప్పిస్తా. రికార్డులో ఉంటే అప్పుడాపుదాం.”

“నీ ఉద్యోగం చూసుకునే టైమా ఇది? అందులో మనుషులుంటారయ్యా!” నాకు తెలియకుండానే అతన్ని నువ్వు అనేశాను.

అతను మాత్రం రికార్డుల విభాగానికి ఫోన్ కలిపి, పదాలు కూడబలుక్కుంటూ ఏదో అడుగుతున్నాడు. నేను శ్రీమన్నారాయణ గారికి చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. ఈసారి మధ్యలోనే కట్ చేశారు. మూడోసారి స్విచాఫ్. కంట్రోల్ రూమ్ నంబరుకి చేస్తే, బీమావాళ్ళతో మాట్లాడే అధికారం తమకు లేదని ఒక అబ్బాయి ఎంతో మర్యాదగా చెప్పి పెట్టేశాడు.

పదకొండూ నాలుగుకి అశోక్ ఫోన్‌కి జులై రికార్డు వచ్చింది. డి విమానం. రెండు పెద్ద కాళ్ళు. కొత్త పిన్నులు రెండు. తేజశ్రీ చెప్పింది పొల్లుపోకుండా ఉంది. అతను పరుగున పక్కకి వెళ్ళి ఎవరికో ఫోన్ చేసి కేకలు వేస్తున్నాడు. అప్పుడు నా ఫోన్ మోగింది. శ్రీమన్నారాయణ గారు.

“దొరికిందా అమ్మా?”

“దొరికింది సార్. మీ నాన్నగారి పేరు మీద ఉంది.”

“కొత్త పిన్ను కావాలంటే పదకొండు నెలలు ఆగమన్నారమ్మా. విమానాలు ఆపుతానంటే పైవాళ్ళు వినరు. పాతవాటికి ఇంకా చేవ ఉందనిపించింది. ఇన్నివేలసార్లు అని రాశారంటే అంతకి రెండింతలు తట్టుకుంటాయి. పైసా ముట్టుకోలేదు నేను. విమానాలు ఎగరాలని చేశా, అంతే. డి ఇప్పటికి తొంభై రెండుసార్లు దిగింది. ఏం కాలేదు.”

“ఇప్పుడెక్కడుంది సార్ అది?”

“ఇప్పుడే లేచింది. లెక్క ప్రకారం బి పోవాలి. దాన్ని అశోక్ జాకీలు దించనివ్వలేదు. ఇంకేముంది నా దగ్గర?”

“ఉదయం నాతో మాట్లాడినప్పుడు నేల మీదే ఉంది కదా! అప్పుడే ఆపొచ్చు కదా సార్!”

“ఆపితే ఎందుకాపానో చెప్పాలి కదమ్మా.”

ఫోన్ పెట్టేశాడు. ఆ మాటకి కోపం రావాలి. నాకు భయమేసింది. అంత మంచి మనిషి, మూడు వందల మందిని పైకి పంపడం కంటే ఒక్క మాట చెప్పడం కష్టమనుకున్నాడు.

అశోక్ వచ్చాడు. చేతిలో ఫోన్ ఇంకా లైన్లోనే ఉంది. “కంట్రోల్ రూమ్. వెంటనే వెనక్కి పిలిచి దించెయ్యమని చెప్పాను.”

“వద్దు సార్!” తేజశ్రీ కారులోంచి దూకినంత పని చేసింది. “లండన్‌కి సరిపడా ఇంధనం నిండా ఉంది. ఆ బరువుతో దిగితే మొత్తం ఆ పిన్నుల మీదే పడుతుంది. ముందు ఇంధనం గాల్లో వదిలెయ్యాలి. ఎంత తేలికైతే అంత తేలికయ్యాక, పొడవాటి రన్‌వే మీద, మెల్లగా.”

అశోక్ ఒక్క క్షణం ఆమె వంక చూశాడు. తర్వాత ఫోన్ ఆమె చేతికిచ్చాడు. పన్నెండింటికి ఎవరిని పోలీసులకు అప్పగించాలని వచ్చాడో ఆ పిల్లకే. అతని మీద నాకున్న కోపంలో కొంత అక్కడే తీరిపోయింది.

“తేజశ్రీ, రికార్డ్స్,” అంది ఫోన్లో. “అవునండీ, సస్పెండయినదాన్నే. ఆ పిన్నుల నంబర్లు నాకు నోటికి వచ్చు, రాసుకోండి.” చెబుతూ చెబుతూ ఆగింది. అవతలి మాట వింటోంది. ఆమె చెయ్యి మెల్లగా తండ్రి భుజాన్ని పట్టుకుంది.

“ఏమైంది?” అన్నాను.

“పైలట్ ఇప్పుడే చెప్పారట మేడం. కుడికాలు లోపలికి ముడుచుకుంది. ఎడమకాలు ముడుచుకోవడం లేదు. చక్రాల దూలం పక్కకి ఒరిగినట్టు చూపిస్తోందట.”

యార్డు వైపు వెళ్ళే మిర్చి లారీ ఒకటి గేటు ముందు హారన్ కొట్టి, ఎవరూ పలక్కపోయేసరికి ముందుకు వెళ్ళిపోయింది.

యలమంద కూతురి వైపు తిరిగాడు. “ఎంతమంది ఉన్నారమ్మా అందులో?”

తేజశ్రీ ఫోన్లో అడిగింది. “పైలట్లతో కలిపి రెండు వందల తొంభై ఒక్కరు నాన్నా.”

ఆయన తలూపాడు. కారు బానెట్ మీద దుమ్ములో, రంగు మరకలున్న చూపుడువేలితో గీత ఒకటి కొట్టి, దాని కింద 291 అని రాశాడు.

“ఎన్ని పోయినయ్యో అన్నీ రావాల మేడంగారూ,” అన్నాడు. “ఒక్కటి తగ్గినా వాళ్ళింటోళ్ళు ఒప్పుకోరు.”

అప్పుడు టైము పదకొండూ పదహారు. ఇంధనం వదలడానికి గంటా పది నిమిషాలు పడుతుందని, ఆ తర్వాతే దించుతామని కంట్రోల్ రూమ్ చెప్పింది.